దేవుని గుప్పెడు, పక్కింటి గిన్నె

ఎవరేమనుకున్నా సరే, ప్రార్థనలో కళ్ళు పూర్తిగా మూసుకోవడం నాకు చేతకాదు. పాస్టరు భార్యనై ఉండి ఈ మాట అనకూడదు. కానీ ఎవరు కునుకుతున్నారో, ఎవరి పిల్లలు బెంచీల కింద దూరుతున్నారో చూడ్డానికి సంఘంలో ఒక్కరైనా ఉండాలి కదా. మా సంఘంలో ఆ ఒక్కరూ నేనే. అందుకే పుష్పమ్మ చేసిన పని నా కంట పడింది.

మా చర్చి పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెనక సందులో ఓ రేకుల షెడ్డు. పక్క షెడ్డులో లేతు మిషను ఆదివారం కూడా ఆగదు, ఆ రొదలోనే మా పాటలు. నెలలో మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం, అంటే మా మాటల్లో బల్ల, ఇస్తారు. ఆడవాళ్ళంతా తెల్లచీరలు కట్టుకుని వస్తారు. రొట్టెముక్కల పళ్ళెం, ద్రాక్షరసం గ్లాసులు వరసలో చేతులు మారుతూ పోతాయి. ఆ రోజు పళ్ళెం పుష్పమ్మ దాకా వచ్చింది. ఆవిడ ముక్క ముట్టుకోకుండా పక్కావిడకి అందించేసింది. గ్లాసులూ అంతే. తల వంచుకుని కూర్చుంది.

బల్ల దగ్గర చెయ్యి చాపలేదంటే ఏదో పెద్ద తప్పు చేసినట్టే అనుకుంటారు మావాళ్ళు. పుష్పమ్మా తప్పు చేసేది? సొంత ఊరు గుమ్మడిదల దగ్గర. భర్త పోయాక ఒక్కతే బతుకుతోంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. బెల్టు మీద మాత్రల షీట్లు వరసగా పోతుంటే, ఏ గుంటలో మాత్ర పడలేదో చూసి ఆ షీటు తీసి పక్కన పెట్టాలి. ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి ఆవిడ కళ్ళు ఎక్కడికెళ్ళినా ఖాళీనే వెతుకుతాయి. చర్చిలో ఎవరు రాలేదో నాకన్నా ముందు ఆవిడే చెప్తుంది. మాట మాత్రం ముక్కుసూటి. అబద్ధమాడమని మెడ మీద కత్తి పెట్టినా ఆడలేదు.

"ఏమైంది పుష్పమ్మా?" అని బయట పట్టుకుంటే, "బస్సుకు ఆలస్యమైతుంది అమ్మగారు" అని జారుకుంది.

ఇంటికెళ్ళి మా ఆయన్ని అడిగాను. ఆయన పేరు సూర్యారావు. నరసాపురం నుంచి ఫిట్టరు పనికని ఈ ప్రాంతానికి వచ్చి పాస్టరైన మనిషి. "అది ఆవిడకీ దేవుడికీ మధ్య విషయం, నీకెందుకు?" అన్నారు. నాకు కాకపోతే ఇంకెవరికి? మరుసటి నెల కూడా పుష్పమ్మ పళ్ళెం దాటించేసింది. ఇక స్త్రీల సమాజంలో గుసగుసలు మొదలయ్యాయి. కంపెనీలో ఎవరితోనో ఏదో ఉందట అని ఒకావిడ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ "ఏదో" ఏమిటో తేల్చుకుందామని ఆటో ఎక్కి పుష్పమ్మ ఉండే కొల్లూరు బయల్దేరాను.

కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీ తెలుసుగా, పేదలకి ప్రభుత్వం కట్టిచ్చిన ఇళ్ళు, రింగురోడ్డు పక్కన. ఎవరికి ఏ బ్లాకు, ఏ అంతస్తు అన్నది అక్కడ లాటరీ తేల్చింది. పొరుగువాళ్ళని కూడా ఆ లాటరీయే ఇచ్చింది. పటాన్‌చెరులో కిరాయికుండే పుష్పమ్మకి సొంత తలుపు వచ్చింది, ఎదురు తలుపు హమీదున్నీసాకి వచ్చింది. ఆమె పాతబస్తీ మనిషి. ఆటో నడిపే భర్త పోయాడు. చీరలకు ఫాల్, పీకో కుట్టుకుంటూ బతుకుతోంది. పుష్పమ్మ తెల్లచీరకు అంచు కుట్టింది కూడా ఆమే. ఇదివరకు ఇద్దరూ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకోవడం నేను కళ్ళారా చూశాను.

"ఆమెతోని మాటల్లేవమ్మగారు" అంది పుష్పమ్మ, టీ గ్లాసు నా చేతికిచ్చి. "పొరుగువాళ్ళని మనలెక్కనే ప్రేమించాలె అని అయ్యగారు ప్రతివారం చెప్తరు. పక్కింటామె నా ముఖం చూస్తలేదు. ఇగ నేను ఏ ముఖం పెట్టుకొని బల్ల దగ్గర చెయ్యి చాపాలె?"

ఓసి నీ అసాధ్యం కూలా, ఇంతేనా! నేను ఎంతెంత ఊహించుకున్నానో. "మనసులో క్షమాపణ అడుగు, దేవుడు చూసుకుంటాడు" అన్నాను. మా ఆయనైనా అదే చెప్తారు.

"మనసుల అడిగితే నా మనసుకే ఇనబడుతది. ఆమెకెట్ల ఇనబడుతది?"

"అయితే నోటితోనే అడగరాదూ?"

"అడిగిన. 'దేనికి సారీ?' అన్నది. దేనికో నాకు తెలిస్తే గద చెప్పేది!"

ఆ మాటతో నా ఆటో ఖర్చు గిట్టింది. తప్పు చేసిన మనిషికే తప్పేమిటో తెలియదు! మొదట్నుంచీ చెప్పమన్నాను.

మా సంఘంలో ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. వండుకోవడానికి కొలిచిన బియ్యంలోంచి ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు. అది దేవుని గుప్పెడు. ఆదివారం చర్చికి తెచ్చి గోనెలో పోస్తే లేనివాళ్ళకి వెళ్తుంది. ఇంట్లో ఉన్నా లేకపోయినా పుష్పమ్మ ఆ గుప్పెడు తప్పదు. మొన్న వానాకాలం హమీదున్నీసాకి విషజ్వరం వచ్చి కీళ్ళు పట్టేశాయి. కుట్టుమిషను ఆగింది. పుష్పమ్మ కంటికి ఖాళీ దొరక్కుండా పోతుందా? ఎదురింట్లోంచి తాలింపు వాసన రావడం లేదని పసిగట్టింది. డబ్బా తీసుకెళ్ళి తలుపు కొట్టింది. మంచాన పడి లేచిన మనిషి తలుపు తీస్తే, డబ్బా చేతిలో పెట్టి, "మా దేవుని పేరు మీద తీసిన బియ్యం, వండుకొని తిను" అంది.

"ఇంట్ల ఉన్నదాంట్ల మంచిది అదే అమ్మగారు. అందుకే అదిచ్చిన. ఆమె డబ్బా కింద పెట్టి తలుపేసుకున్నది. గంతే."

అన్నం పెడితే అలుగుతారా ఎవరైనా? నాకు కోపం ముంచుకొచ్చింది. పుష్పమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా వెళ్ళి ఎదురు తలుపు కొట్టాను.

హమీదున్నీసా సన్నగా, తెల్లగా ఉంటుంది. మెడలో కొలత టేపు. నేనెవరో తెలుసు కాబట్టి, "ఆయియే పాస్టరమ్మా, కూర్చో" అని మిషను పక్కన స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు. "పెట్టిన చెయ్యిని తోసేస్తారా?" అని దులిపేశాను.

ఆమె నిదానంగా సూది లోంచి దారం తీసింది. "ఒకటి అడుగుత, చెప్పు. ఆషాఢంల కింది ఇంటి మల్లమ్మ బోనం అన్నం తెచ్చిచ్చింది. నాకిచ్చింది, పుష్పమ్మకు ఇచ్చింది. పుష్పమ్మ తిన్నదా?"

నేను ఆ స్టూలు మీద కూర్చున్నాను.

"తినలే. దండం పెట్టి వాపస్ ఇచ్చింది, మేం దేవత ముందర పెట్టింది తినమమ్మా అని. నేను గూడ వాపస్ ఇచ్చిన. మల్లమ్మ బురా మాన్లే, ఏమనుకోలే. ఆ రోజు పుష్పమ్మ, నేను వరండాల కూసొని నవ్వుకున్నం, ఈ విషయంల మనమిద్దరం ఒక్కటే అని. మరి అదే పుష్పమ్మ తన దేవుని పేరు మీద తీసింది నాకెట్ల పెడుతది? ఇంట్ల ఎసరు లేకుంటే దీనికి దీన్ ధర్మం గూడ లేదు అనుకున్నదా?" ఆమె దారం వేలికి చుట్టుకుంది. "తన కుండల అన్నం ముద్ద తెచ్చి పెడితే తినకపోదునా? ఆకలి గూడ ఉండె నాకు."

దేవుడా! ఆ బియ్యాన్ని మేమెవరమూ ప్రసాదం అనుకోలేదు. ప్రసాదమంటే ఎదుటివాళ్ళదే అని మా లెక్క. ఊళ్ళో ప్రతి ప్రసాదానికీ దండం పెట్టి వెనక్కిచ్చే మాకు, మా డబ్బాలో ఉన్నదేమిటో ఒక పీకో కుట్టే మనిషి చెప్తేగానీ తట్టలేదు. నా కోపం ఎటుపోయిందో పోయింది. ఏదో ఒకటి అనాలి కదా అని, "నువ్వు మాట్లాడ్డం లేదని పుష్పమ్మ బల్ల తీసుకోవడం మానేసింది" అనేశాను.

బల్లంటే ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్తే చేతిలో చీర వదిలేసింది. "నా కోసమా? మీ నమాజుల నా కోసం ఆగిందా? నేను మీదాన్ని కాదు గద!"

"అదేమో నువ్వే అడుగు" అన్నాను.

నేను వెళ్ళి చెప్పనక్కర్లేకుండా పుష్పమ్మ తన తలుపు చాటున నిలబడి అంతా వింది. మల్లమ్మ బోనం మాట దగ్గరే కొంగు నోటికి అడ్డం పెట్టుకుందట. చరచరా వచ్చి గుమ్మంలో నిలబడి, "తప్పైంది అక్కా. దేనికో ఇప్పుడు ఎరుకైంది" అంది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని చూడనూ లేదు.

హమీదున్నీసా వదిలేసిన చీర ఎత్తి మిషను మీద వేసింది. "ఉత్త మాటలతోని పోదు" అంది. "గురువారం మా ఆయన బర్సీ. నా ఇంట్ల కూసొని అన్నం తినాలె. తింటెనే కోపం పోయినట్టు."

పుష్పమ్మ సరేనంది. అందులోని చిక్కు నాకు కనిపించింది. బర్సీ అంటే సంవత్సరీకం. పోయిన మనిషి పేరిట వండిన అన్నం ముందు పెట్టుకుని ఫాతెహా ప్రార్థన చదువుతారు, తర్వాతే పెడతారు. అంటే అదీ దేవుని పేరు మీద తీసిన అన్నమే. తింటే పుష్పమ్మ నిష్ఠ పోతుంది. తినకపోతే పొరుగు పోతుంది, బల్లా పోతుంది. హమీదున్నీసా కావాలనే మెలిక పెట్టిందా? అంత లోతు మనిషా?

రాత్రి మా ఆయన ముందు పెట్టాను. ప్రతి ఆదివారం గొంతు చించుకుంటారుగా, ఆజ్ఞలన్నీ రెండేనని, దేవుణ్ణి నిండు మనసుతో ప్రేమించాలి, పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించాలి అని. "ఆ రెండూ ఒకే కంచంలో కొట్టుకుంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "దీనికి రెండు అభిప్రాయాలున్నాయి" అన్నారు. రెండో మూడో, ముద్ద మింగాల్సింది పుష్పమ్మ కదా!

ఆపుకోలేక గురువారం నేనూ వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. పుష్పమ్మ షిఫ్టు దిగి, కంపెనీ బస్సులోంచి తిన్నగా అక్కడికే వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "తింట అమ్మగారు. దేవుడు నన్ను ఏమన్న అంటే అననీ. ఆయనకు సమజైతది అనుకుంటున్న. ఆమెకు ఇంకోసారి మనసు విరిగితే అతుకదు" అంది.

హమీదున్నీసా నేల మీద దస్తర్‌ఖాన్, భోజనాల గుడ్డ, పరిచింది. బగారా అన్నం, దాల్చా. ఇల్లంతా ఊదుబత్తి వాసన. పుష్పమ్మ మఠం వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, కంచం వైపు చెయ్యి చాచింది. నేను మాత్రం కళ్ళు మూసుకోలేదని వేరే చెప్పాలా?

"ఆగు" అంది హమీదున్నీసా.

వంటింట్లోకి వెళ్ళి మూత పెట్టిన గిన్నె ఒకటి తెచ్చింది. పుష్పమ్మ ముందున్న కంచం పక్కకు జరిపి, ఈ గిన్నె పెట్టి మూత తీసింది. అదే బగారా అన్నం, పొగలు కక్కుతూ.

"అది ఫాతెహా చదివింది. ఇది చదవక ముందే నీ కోసం తీసిన. తిను."

పుష్పమ్మ కళ్ళు తెరిచి ఆ గిన్నెను చూసింది. "నేను అదే తిందామని వచ్చిన అక్కా" అంది.

"నువ్వు తింటవని నాకెరుక. తిన్నంక నీకు నిద్ర పట్టదని గూడ ఎరుక. అందుకే తీసిన."

పుష్పమ్మ తింది. కళ్ళ నీళ్ళు గిన్నెలో పడుతుంటే తుడుచుకోకుండా తింది. విడిగా తీసిన దాల్చా కూడా ఇంకోసారి అడిగి మరీ వేయించుకుంది. హమీదున్నీసా నా వైపు తిరిగి, "నువ్వు గూడ కూసో పాస్టరమ్మా, నీకు గూడ తీసిన" అంది. పిలవని పేరంటానికి వెళ్ళిన నాకు కూడా! నాకూ తియ్యాలని ఆమెకెలా తోచిందో నాకిప్పటికీ అర్థం కాదు. నేను రాకుండా ఉండలేనని కనిపెట్టి ఉంటుంది.

మొదటి ఆదివారం వచ్చింది. పళ్ళెం రాగానే పుష్పమ్మ రొట్టెముక్క తీసుకుంది. తీసుకుని కాసేపు అరచేతిలో అలాగే పట్టుకుని చూసుకుంది. నా కళ్ళ ముందు పళ్ళెం మసకబారింది. గుసగుసలాడినావిడ మెడ సాచి చూస్తుంటే, ఇటు తిరుగు అని మోచేత్తో పొడిచాను.

ఆరాధన అయ్యాక డబ్బాలు గోనెలో పోస్తున్నారు. పుష్పమ్మ డబ్బా ఎప్పటికన్నా తేలిగ్గా ఉందని కనిపెట్టారు. ఏమైందని అడిగితే దాచుతుందా?

"హమీదక్కకు మళ్ళ కీళ్ళనొప్పులు. ఆమెకు కావలసింది ముందు తీసిపెడుతున్న, తర్వాత దేవుని గుప్పెడు తీస్తున్న."

స్త్రీల సమాజం మొత్తం నా వైపు తిరిగింది. "దేవుడి కంటే ముందు పక్కింటికి తియ్యొచ్చా అమ్మగారూ?"

"నన్నడుగుతారేం?" అన్నాను. "కొల్లూరు వెళ్ళి హమీదున్నీసాను అడగండి. ఖాళీ కడుపుతో వెళ్ళండి."