వెనకగోడకు దూరం జరిగిన పొయ్యిలు

మా ప్రాచీన చరిత్ర మేడమ్ పోయారు. నిద్రలోనే, గుండె ఆగి. నాంపల్లిలో ఆమె ఉన్న మూడంతస్తుల ఇల్లు ఎరిగిన మాకు మాత్రం, ఫోన్ రాగానే నోటికొచ్చిన మొదటి మాట "గోడ పడిందా?" అనే.

పడలేదు. అదే భయం.

అబిడ్స్‌లోని మా డిగ్రీ కాలేజీలో ఆమె క్లాసంటే, భోజనాల తర్వాత మాకు అధికారికంగా మంజూరైన నిద్ర. దాన్ని చెడగొట్టింది ఒక రొట్టెల పొయ్యి. బెజవాడ దాటి ఎటూ వెళ్ళని మనిషి, వేల ఏళ్ళ కిందటి అసిరియా సరిహద్దు ఊళ్ళో ఎవరి పొయ్యి ఎక్కడుండేదో పక్కింటి సంగతిలా చెప్పేవారు. రాజుల పేర్లడిగితే, "పుస్తకంలో ఉంటార్లే, ఎక్కడికీ పోరు" అనేవారు. ఆ పొయ్యి మాకు అర్థం కావాలని నాన్‌రొట్టెల దుకాణానికి నడిపించుకెళ్ళి తందూరులోకి తొంగి చూడమన్నారు. నా కనుబొమలు కాస్త కాలాయి. చరిత్ర కోసం నేను చేసిన ఏకైక త్యాగం అది.

తవ్వకాల్లో ఆ ఊరి చివరి రోజుల పొర దగ్గరికొస్తే ఆమె గొంతు తగ్గేది. "అంతకుముందు పొయ్యిలన్నీ వాకిట్లో ఉన్నాయి. ఇక్కడికొచ్చేసరికి గదుల్లోకి దూరాయి. భయం ఎటునుంచి వస్తోందో వంట చేసేవాళ్ళకి ముందు తెలుస్తుంది నాన్నా. నోటితో చెప్పరు. పొయ్యి జరుపుతారు."

ఈ ఎండాకాలం మేడమ్ ఇంటికి వెళ్తే, నన్ను కూర్చోనివ్వకుండా మూడు వాటాలూ తిప్పారు. వంటిళ్ళన్నీ వెనకగోడ వైపే. ఆ గోడకు కింది నుంచి పైదాకా ఒకటే బీట. దాని మీద ఇంటికో క్యాలెండరు. వంటగట్లు మాత్రం ఖాళీ. పొయ్యిలు ముందుగదుల్లోకి వచ్చేశాయి.

"గాడ గాలి ఆడ్తలేదు తమ్ముడూ" అంది కింది వాటా యాదమ్మక్క. పైవాళ్ళు చీమలన్నారు. మేడమ్ తన పొయ్యి చూపించి, "నేను వాస్తు అని చెప్పుకున్నాను" అని నవ్వారు.

ఆ తర్వాత ఆమెది ఒకటే పట్టు: వానలు పడకముందే అందరూ ఖాళీ చెయ్యాలి.

"ముందు మీరు కాచిగూడ తమ్ముడుగారింటికి వెళ్ళిపోండి మేడమ్" అన్నాను.

"నేను పోతే, టీచరమ్మకి తమ్ముడున్నాడు పోయింది అనుకుని వీళ్ళు ఇక్కడే ఉండిపోతార్రా. వీళ్ళని దింపాకే నేను."

యాదమ్మక్క మెట్ల కింది నుంచి అరిచేది. "గీ కిరాయికి ఇంకోకాడ బాత్రూం గూడ రాదు మేడమ్! జర ఊకోన్రి. మీరు చెప్పే రాజ్యాలన్ని కూలినయ్, మా గోడ నిలవడే ఉన్నది గద!"

ఈ జవాబు మేడమ్‌కి ఎంత నచ్చిందంటే, క్లాసులో కూడా చెప్పారు. మేం నవ్వాం. ఆమె నవ్వలేదు.

నిన్న దహనం ముగించుకుని వచ్చేసరికి ముసురు పట్టింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి వచ్చినవాళ్ళకి టీ యాదమ్మక్కే పెట్టింది. సాయం చేద్దామని కిందికి దిగాను. ఆమె ముందుగదిలో పొయ్యి లేదు. సిలిండరుతో సహా తెచ్చి వీధిగుమ్మం పక్కన, మెట్ల మొదట్లో పెట్టుకుంది.

"ఇక్కడెందుకక్కా?"

"గీడైతే అందరికి అందుతది" అంది తలెత్తకుండా.

పై వాటావాళ్ళు ఒక్కొక్కరే మెట్లు దిగారు. మంట తగలకుండా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, గ్లాసులు అందుకుని, బయటికెళ్ళి వానలో నిలబడి తాగారు.