బంపర్ దాకా తాడు

ఆ వీధిలో ఎవరినడిగినా ఫోటో అక్క గురించి ఒకటే మాట చెబుతారు: అబ్బో, ఆవిడతో పెట్టుకోకు! ముందు గదిలో ఆవిడ స్టూడియో. పక్క గదిలో ఆడబిడ్డ కుట్టుమిషను. మధ్యలో ఒక పరదా. దానికి అటూ ఇటూ ఇద్దరూ రోజంతా మాటలాపరు.

ఇంటికి కొంచెం దూరంలో మురుగు కాలువ. అద్దకం ఫ్యాక్టరీ ట్యాంకర్ లారీ రోజూ మిట్టమధ్యాహ్నం వచ్చి, విరిగిన పిట్టగోడ దగ్గర ఆగి, పొడవాటి గొట్టం కాలువలోకి వదిలేది. దొంగతనమంటే చీకట్లో, చాటుమాటుగా చేస్తారు కదా? వీళ్లకి ఆ సిగ్గు కూడా లేదు. బోరు నీళ్లు ఊదారంగుకు తిరిగాయి. ఆడబిడ్డ చిన్నకూతురి చేతుల నిండా పొక్కులు. రాత్రంతా పిల్ల గోక్కుంటుంటే తల్లి ఆ రెండు చేతులూ పట్టుకుని కూర్చునేది.

ఫోటో అక్క రెండు ఫోటోలు తీసి మున్సిపల్ ఆఫీసుకు పట్టుకెళ్లింది. ఒకదాంట్లో లారీ, గొట్టం, కాలువ. ఇంకోదాంట్లో నంబరు ప్లేటు. అధికారి వాటిని అటు తిప్పి ఇటు తిప్పి నవ్వాడు.

"ఇందులో బండి ఉంది, నంబరు కనబడదు. అందులో నంబరుంది, కాలువ లేదు. రెండూ ఒకే బండివని ఎలా నమ్మమంటారమ్మా? మా బావమరిది పెళ్లిలో పెళ్లికూతురి మొటిమలన్నీ మాయం చేసింది మీరేగా! ఆ చేత్తో నంబరు అంటించడం ఓ లెక్కా?"

పక్క బల్లల వాళ్లు కూడా నవ్వారు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. మొటిమలు తీసెయ్యమని కాళ్లావేళ్లా పడింది ఎవరు? ఆ పెళ్లివాళ్లే! కానీ ఆ మాట అంటే పని జరగదని పళ్లు బిగించుకుని ఇంటికొచ్చింది.

"ఫోటోలు వద్దు. వీడియో తీస్తా," అంది పరదా తొలగించి. "కాలువ దగ్గర మొదలుపెట్టి, గొట్టం వెంబడే వచ్చి, ఎక్కడా ఆపకుండా జూమ్ చేసి నంబరు మీద నిలబెడతా. పారే నీళ్లని ఎవడు అతికిస్తాడో చూస్తా."

అనడం తేలికే. పాత వీడియో కెమెరాలో ముందు దగ్గరికి లాగి ఫోకస్ పెడితే, తర్వాత జూమ్ ఎంత వెనక్కి తిప్పినా బొమ్మ చెదిరేది కాదు. ఆ కెమెరా ఎప్పుడో పాడైంది. ఇప్పుడున్న లెన్సు గుణం వేరు. జూమ్ తిప్పిన కొద్దీ ఫోకస్ జారిపోతుంది. కాలువ తేటగా ఉంటే నంబరు అలుక్కుపోతుంది, నంబరు తేలితే కాలువ మసకబారుతుంది. వదిలేస్తే కెమెరా తనంతట తను ఫోకస్ వెతుక్కుంటూ, సరిగ్గా నంబరు దగ్గర ఊగిసలాడుతోంది. ఆవిడ తిట్టని తిట్టు లేదు.

"లారీ ఎప్పుడూ ఒక్కచోటే ఆగుతుంది కదా వదినా," అంది ఆడబిడ్డ. "దూరం మారకపోతే నీ తిప్పుడు మాత్రం ఎందుకు మారుతుంది? జాకెట్టుకి పెట్టినట్టు గుర్తులు పెట్టుకో."

పాత కొలత టేపు ముక్క కత్తిరించి ఫోకస్ రింగు చుట్టూ అంటించారు. కెమెరా నుంచి లారీ ఆగే చోటుకి బట్టలారేసే తాడు పట్టి, సరిగ్గా అంత పొడవుకి కోసి, సాధన కోసం అంత దూరంలో పక్కింటి స్కూటర్ నిలబెట్టారు. ఎడమచేయి జూమ్ తిప్పుతుంటే కుడిచేయి ఈ గీత నుంచి ఆ గీతకు జరగాలి. ఒకటి ముందుకెళ్తే ఇంకోటి వెనకబడేది. స్కూటరాయన విసుక్కున్నాడు, ఆయన పెళ్లాం కూడా విసుక్కుంది. చివరికి చేతులు రెండూ మాట విన్నాయి.

మర్నాడు గుమ్మంలో స్టాండు వేసి కాచుకున్నారు. లారీ వచ్చింది. డ్రైవర్ కెమెరాని చూశాడు. చూసి, పిట్టగోడ దాటించి ఇంకా ముందుకు తీసుకెళ్లి ఆపాడు. దర్జాగా గొట్టం కాలువలో పడేసి వాల్వు తిప్పాడు.

"అయిపోయింది వదినా! గుర్తులన్నీ దండగ."

"ఏం అయిపోలా. వాడు ముందుకెళ్తే మనమూ వెళ్తాం. తాడు పట్టు!"

ఫోటో అక్క స్టాండు భుజానికెత్తుకుని నడిరోడ్డు మీదకి నడిచింది. తాడు ఒక కొస స్టాండుకే కట్టి ఉంది; ఆడబిడ్డ రెండో కొస పట్టుకుని తిన్నగా లారీ దగ్గరికెళ్లి, వెనక బంపర్‌కు ఆనించి బిగించి పట్టుకుంది. తాడు సడలితే ఫోటో అక్క వెనక్కి జరిగింది, లాగితే ముందుకొచ్చింది. డ్రైవర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏయ్! ఏం చేస్తున్నారమ్మా?"

"కొలత తీసుకుంటున్నా నాయనా," అంది ఆడబిడ్డ. "నీ బండికి జాకెట్టు కుడదామని. కాసేపు కదలకు."

వీధంతా కిటికీల్లోకొచ్చింది. ఎవరో పగలబడి నవ్వారు. తాడు బిగుసుకుంది. ఫోటో అక్క చెయ్యెత్తగానే ఆడబిడ్డ తాడు వదిలేసి పక్కకు తప్పుకుంది. రికార్డింగ్ మొదలైంది.

"మా ఓనరుకి తెలిస్తే మీ కొట్టు ఉండదు!" అని అరిచాడు డ్రైవర్.

"బోర్డు చూసి అడ్రస్ సరిగ్గా చెప్పు," అంది ఆవిడ, కన్ను కెమెరా మీంచి తీయకుండా.

కాలువలో ఊదా నురగ. గొట్టం. డ్రైవర్ గుమ్మడికాయల దొంగలా ఉలిక్కిపడి వాల్వు కట్టేయడానికి పరుగెత్తాడు, అదీ వీడియోలో పడింది. ఎడమచేయి జూమ్ తిప్పింది, కుడిచేయి గీత నుంచి గీతకు జరిగింది. నంబరు ప్లేటు దగ్గరికొచ్చి, దాని మీది తుప్పుమరకతో సహా, తేటగా నిలబడింది.

మరుసటి రోజు ఇద్దరూ ఆఫీసుకెళ్లారు. పొక్కుల చేతుల పిల్లని కూడా తీసుకెళ్లారు. అధికారి వీడియో చూశాడు. మళ్లీ వెనక్కి తిప్పించి చూశాడు. కట్ ఎక్కడుందా అని వెతికాడు, దొరకలేదు. ఈసారి నవ్వలేదు.

"సరేనమ్మా. ఇక్కడ పెట్టి వెళ్లండి. తీరిగ్గా చూస్తాం."

తీరిగ్గానట! పిల్ల చేతులు తీరిగ్గా మానతాయా? ఫోటో అక్క స్టాండు తెరిచి సరిగ్గా ఆయన బల్ల ముందు నిలబెట్టింది. తమ వెనక పనుల కోసం వరుసలో నిలబడ్డ జనాన్నీ, పక్కనున్న పిల్లనీ చూపించి, మెల్లగా జూమ్ తిప్పుతూ ఆయన ముఖం మీదకి వచ్చింది. నుదుటి మీద చెమట బొట్టు కూడా కనబడేదాకా ఫోకస్ సరిచేసింది.

"ఇది కూడా కట్ లేకుండానే తీస్తున్నానండీ," అంది. "ఏం చేస్తారో చెయ్యండి. ఏమీ చెయ్యకపోతే అదే పడుతుంది."

అధికారి ఆ వరుసలోని జనం వైపు చూశాడు. ఒక్కరూ కదల్లేదు. ఆయన ఫోను తీసి, నంబరు ఒక్కొక్క అంకే చదివి, ఆ లారీని పట్టుకుని ఫ్యాక్టరీకి నోటీసు ఇమ్మన్నాడు. చివరి అంకె దగ్గర గొంతు సన్నబడింది.

"కాస్త గట్టిగా చెప్పండి," అంది ఆడబిడ్డ, కూతురి చేతులు రెండూ పట్టుకుని.

ఆయన మళ్లీ గట్టిగా చెప్పాడు.