మూడు ఆదివారాలు పడి, ఈ రోజు లేచిన విమానం

ఎర్రగుంట్లలో ఇరవై ఏళ్లుగా బోరు మోటార్లు రిపేరు చేస్తున్నవాణ్ణి, బొటనవేలంత మోటారు దగ్గర ఓడిపోతూ వచ్చాను. నా రిమోట్ విమానం నేల మీద ఫ్యాను బాగానే తిప్పేది. గాల్లోకి విసిరి ఫుల్ స్పీడ్ ఇస్తే మాత్రం నీరసపడి శనగ చేలో కూలేది. మోటారు మార్చాను, ఫ్యాను మార్చాను. బ్యాటరీకి మీటరు పెడితే ప్రతిసారీ నిండుగా పన్నెండు వోల్టులు.

ఈ రోజు ఎగరేయకుండా ఇంటికి పోయేది లేదని పొద్దున్నే చేలోకి దిగాను. పక్క చేను ఓబులేసన్న గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. మళ్లీ మీటరు తీశాను.

"ఏమప్పా, మోటరు ఆపి కరెంటు చూస్తాండావు?"

"బ్యాటరీ ఫుల్లుగా ఉండాదన్నా."

"నా బోరు కాడ నన్ను తిట్టింది మర్సిపోతివా? మోటరు తిరిగేటప్పుడు చూడాల అంటివే!"

విమానాన్ని వెనక నుంచి గట్టిగా పట్టుకోమని ఆయన్నే అడిగాను. ఫుల్ స్పీడ్ ఇచ్చి మోటారు వైపు వైరుకు మీటరు పెడితే పన్నెండు కాస్తా తొమ్మిదికి పడిపోయింది. బ్యాటరీ దగ్గరి వైరు అతుకు ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. మోటారుకు అందాల్సిన బలం అక్కడే వేడిగా పోతోంది. ఆ అతుకు వేసింది నేనే.

షాపుకు పోయి, విప్పి, మళ్లీ అతికించుకొచ్చాను. సాయంత్రం విమానం ఓబులేసన్న చేను మీద ఏడు చుట్లు కొట్టింది.

ఇన్నేళ్లుగా బోర్ల దగ్గర నా చేత తిట్లు తిన్న రైతులెవరైనా ఇది చదువుతుంటే, కామెంట్లు తెరిచే ఉంచాను. తోసుకోకుండా వరుసలో రండి.