భుజాలు దించమన్న సలోమమ్మ గారు

పొద్దున స్నానం చేయించి తువ్వాలు అందుకునేలోగా బాబు నా చేతుల్లోంచి జారుకుని, తడికాళ్లతో వసారాలోకి నడిచాడు. గచ్చుమీద ఆ చిన్న పాదాల చప్పుడు వినగానే నేను రెండు చేతులూ చాచి, ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. వాడికి నడక వచ్చి నెల కూడా కాలేదు. వాడు పడలేదు. నా మెడ మాత్రం పట్టేసింది. మధ్యాహ్నం మెడ రాసుకుంటూ కూర్చుంటే పదేళ్ల కిందటి గొంతు ఒకటి వినిపించింది: "భుజాలు దించమ్మా. చెవులు వాటంతటవే నిలబడతాయి."

ఆ గొంతు సలోమమ్మ గారిది. గూడూరులో మేము అద్దెకున్న ఇంటి పక్క వాటాలో ఉండేవారు. మిషన్ బడిలో ఆడపిల్లలకు డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ తెల్లచీరలో ఉండేవారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు ఉండేవి. పరీక్షలంటే వణికే పిల్లల్ని చాపమీద పడుకోబెట్టి, ఒళ్లంతా వదులు చేయించి పంపేవారని ఆవిడ దగ్గర చదివినవాళ్లు నవ్వుతూ చెప్పుకునేవారు.

మా అవ్వది కృష్ణపట్నం దాపున సముద్రపు పల్లె. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఏళ్లతరబడి ఇసుకలో నడిచిన మనిషి. తాత పోయాక నాన్న ఆమెను గూడూరు తీసుకొచ్చాడు. ఇసుకలో నడిచేవాళ్లు కాలివేళ్లను లోపలికి దింపి నడుస్తారు. అవ్వ మా నున్నటి గచ్చుమీద కూడా వేళ్లు ముడుచుకునే నడిచేది. ఒకరోజు వంటింటి గడప దగ్గర జారిపడింది. ఎముకలేమీ విరగలేదు. వాపూ తగ్గింది. కానీ అవ్వ మంచం దిగడం మానేసింది. తప్పక దిగితే గోడ పట్టుకుని, వేళ్లు ఇంకా గట్టిగా ముడిచేది. అలా ముడిచినందుకే కాలు మళ్లీ జారేది. భయం ఇంకా పెరిగేది.

అప్పుడే, పల్లెలోనే ఉండిపోయిన బాబాయి కొత్త పడవ కట్టించాడు. పడవను నీళ్లలోకి దించేముందు ఇంట్లో పెద్ద ఆడమనిషి తన కాళ్లతో నడిచివెళ్లి దాని మొనకు పసుపు పూయడం మా ఇంటి ఆచారం. ఎవరూ మోసుకుపోకూడదు. బాబాయి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"నువ్వు రాకుంటే పడవ దించేది లేదుమా. ఒడ్డున ఎండిపోనీ."

"నన్నెందుకురా చంపతావు? నీ పెండ్లాం చేత పూయించుకో."

"నువ్వుండంగానా?"

అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. బాబాయి వెళ్లాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది చూసి నేనే పోయి సలోమమ్మ గారిని పిలుచుకొచ్చాను.

"ఈ వయసులో నాకు డ్రిల్లేంది టీచరమ్మా?" అంది అవ్వ.

"డ్రిల్లు కాదక్కా. ఊరకుండేది నేర్పిస్తా."

"ఊరకుండేదానికి కూడా టీచరు కావాల్నా!"

ఆవిడ అవ్వ కుడిచేతిని మెల్లగా పైకెత్తి, "బరువంతా నాకిచ్చెయ్" అన్నారు. "ఇచ్చినా" అంది అవ్వ. సలోమమ్మ గారు తన చేతిని తీసేశారు. అవ్వ చెయ్యి గాల్లో అలాగే నిలబడిపోయింది. నేను ఫక్కున నవ్వాను.

"ఇంకా ఎందుకక్కా పట్టుకోనుండావు?"

"నువ్వు వదిలేస్తావని."

సలోమమ్మ గారు నవ్వలేదు. మంచం అంచున కూర్చుని ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరారు.

ఆనాటి నుంచి మధ్యాహ్నాలు అదే పని. పిడికిలి బిగించి వదలాలి. కాలివేళ్లు ముడిచి వదలాలి. దవడ బిగించి వదలాలి. ఒకనాడు ఆవిడ ఎత్తి వదిలిన చెయ్యి తడిసిన వలలా పరుపుమీద పడింది. ఆ తరువాత చాపమీదికి దించారు. పక్కకు ఒరగడం, మోకాలు ఊనడం, అరచెయ్యి ఆనించి లేవడం. "నన్ను పడెయ్యడానికే వచ్చినావా తల్లీ!" అని అవ్వ తిట్టేది. "పడినా లేస్తానని నీ ఒంటికి తెలియాలక్కా" అనేవారు ఆవిడ. ఒకసారి ఎలా లేవాలో చూపించబోయి తనే మోకాలు పట్టేసి చాపమీద ఉండిపోయారు. "దవడ వదులు టీచరమ్మా, దవడ వదులు" అని అవ్వ పాఠం అప్పజెప్పింది. వాళ్లిద్దరూ నవ్వుతుంటే నేను మాత్రం ఎవరు పడతారోనని భుజాలు ఎగేసి, చేతులు చాచి నిలబడి ఉండేదాన్ని. చెవుల సంగతి ఆవిడ అన్నది అప్పుడే. "నిన్ను చూసే మీ అవ్వ బిగుసుకుంటా ఉండాది" అని కూడా అన్నారు.

పడవ దించే రోజు సలోమమ్మ గారు కూడా మాతో వచ్చారు. బండి దిగి అవ్వ పసుపు గిన్నెతో ఇసుకలో నడిచింది. చేతులు చాచి వెంటపడుతున్న నన్ను ఆవిడ మోచెయ్యి పట్టి ఆపారు. పడవ ఇంకాస్త దూరం ఉందనగా అవ్వ కాలు ఇసుకలో దిగబడి ఒరిగిపోయింది. బాబాయి కేకపెట్టాడు. అవ్వ బిగుసుకోలేదు. చాపమీద ఒరిగినట్టే ఒరిగి, గిన్నెను పైకెత్తి పట్టుకుని కూర్చుంది.

"ఎవురూ రాబాకండి" అంది.

గిన్నె పక్కన పెట్టి, మోకాలు ఊని, అరచెయ్యి ఆనించి మెల్లగా లేచింది. వెళ్లి పడవ మొనమీద పసుపు పూసింది. అప్పుడు వెనక్కి తిరిగి మా వైపు చూసింది.

"టీచరమ్మా, నీ భుజాలు దించు!"

చూస్తే, నా మోచేతిని నొక్కి పట్టుకున్న సలోమమ్మ గారి భుజాలు చెవుల దాకా ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. నాకు కాలేజీ చదువు వచ్చింది గానీ భయం పోలేదు. సలోమమ్మ గారికే పోలేదని తెలుసు కాబట్టి దానికి సిగ్గుపడను. ఇవాళ సాయంత్రం బాబు గడప దగ్గర కూలబడ్డాడు. ఏడవాలా వద్దా అని నా మొహంలోకి చూశాడు. పరుగెత్తబోయి ఆగాను. కాలివేళ్లు వదిలాను. దవడ వదిలాను. చివరికి భుజాలు దించాను. వాడు కాసేపు నన్నే చూసి, అరచేతులు నేలకు ఆనించి, పిర్రలు పైకెత్తి లేచాడు.