జంట ఫోటోలో సగం

మా వదినకి కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ అంటుంది. నేనొప్పుకోను. ముక్కు మీదుండేది తుమ్మితే పోతుంది. వదిన కోపం అలా పోయే రకం కాదు. అందులోనూ న్యాయం ఆవిడ వైపుంటే ఇక ఎదుటివాడి పని అయినట్టే.

వదిన ఫోటోగ్రాఫరు. బస్టాండు ఎదురుగా స్టూడియో. ముందు గదిలో మా అన్నయ్య "గడ్డం కాస్త దించండి, నవ్వకండి" అంటూ పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంటాడు. వెనక గది గోడల నిండా కొండ. మా ఊరిని ఆనుకుని ఉన్న ఎడారి కొండ అది. చెట్టంటే ముళ్లకంప, నీడంటే బండ కింద నీడే. అయినా దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కొండ చుట్టూ మెలికలు తిరిగే రోడ్డు మీద వాళ్లని జీపులో తిప్పి, మలుపు మలుపుకీ ఆపి చూపించడం నా బతుకుతెరువు. నడిచి ఎక్కే దారుల్నీ, నేను తిప్పే రోడ్డునీ ఫోటోలు తీసి పర్యాటక ఆఫీసుకి ఇవ్వడం వదిన పని.

ఆవిడకొక పట్టింపు ఉంది. ఏ చోటునైనా రెండుసార్లు తీస్తుంది. ముస్తాబుగా ఉన్నప్పుడొకటి, మామూలుగా ఉన్నప్పుడొకటి. పొద్దుటి వెలుగులో మెరిసే మలుపు పక్కనే, మిట్టమధ్యాహ్నం దుమ్ము లేస్తున్న అదే మలుపు. రెండూ ఒకే ఫ్రేములో. విడిగా ఇమ్మంటే ఇవ్వదు.

"మీ అన్నయ్య పెళ్లిఫోటో ఒక్కటే చూపిస్తే ఎవరైనా మోసపోతారు. పొద్దున్నే లేచిన మొహం కూడా చూపించాలి కదా" అంటుంది. మా అన్నయ్య వినపడనట్టు కెమెరా తుడుచుకుంటాడు.

కొండపైన, నడకదారి ముగిసేచోట ఒక రాతి మడుగు ఉంది. ఉంది అనకూడదు. వాన పడితే ఉంటుంది. ఇక్కడ వాన పడటమే గొప్ప. పడ్డా నాలుగు ఎండలకే అడుగున బురద తేలి, ఆ బురద పెంకులు పెంకులుగా లేస్తుంది. ఒక ఏడాది గట్టి వాన పడ్డ మర్నాడు వదిన పరుగున ఎక్కి తీసింది. మడుగు నిండా నీళ్లు, నీళ్ల నిండా ఆకాశం. మళ్లీ ఎండాక వెళ్లి రెండోది తీసింది. జంటగానే ఆఫీసుకిచ్చింది.

ఆఫీసువాళ్లు నీళ్లున్నది గోడంత పెద్దది చేసి నడకదారి మొదట్లో బోర్డు పెట్టారు. రెండోది ఏమైందో తెలియదు. అది చూసి వదిన తిన్నగా ఆఫీసరు గదిలోకి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సార్, రెండో ఫోటో ఏది?"

"ఎండిన గొయ్యి చూడటానికి ఎవరొస్తారమ్మా?" అన్నాడాయన నవ్వుతూ.

"పైన నీళ్లున్నాయనుకుని జనం ఒక్క సీసాతో ఎక్కేస్తారు. కనీసం కింద ఒక ముక్క రాయించండి."

"రాతలు రాస్తే అందం చెడిపోతుంది. అయినా తాగే నీళ్లని మేమెక్కడా అనలేదే!"

అనలేదు నిజమే. ఆ తెలివికే నాకు ఒళ్లు మండింది. నోటితో అబద్ధమాడితే నిలదీయొచ్చు. వీళ్లు వదిన ఫోటో చేత ఆడించారు. ఆవిడ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు.

"ఎవరో ఒకరు పోతేగాని వీళ్లు కదలరు" అని అన్నం ముందు కూర్చున్నా వదినది అదే మాట. అమ్మ "అశుభం పలక్కే" అని కసిరేది.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం రోడ్డు ఫోటోల కోసం వదినని జీపులో తీసుకెళ్లి దిగివస్తున్నాను. నడకదారి మొదట్లో ఒక కారు ఆగి ఉంది. మధ్యాహ్నం మేం ఎక్కేటప్పుడూ అది అక్కడే ఉంది.

"ఆపు" అంది వదిన. నేను పూర్తిగా ఆపకముందే దూకేసింది. జీపులో ఉన్న నీళ్లడబ్బాలన్నీ మోసుకుని ఇద్దరం ఎక్కాం.

మడుగు దగ్గర బండ వారగా ఒకాయన పడి ఉన్నాడు. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి, పిలిస్తే ఊఁ అనడం లేదు. ఆయన భార్య మడుగు అడుగున మోకాళ్ల మీద కూర్చుని బురద పెంకుల్ని చేతులతో తవ్వుతోంది. గోళ్లు చీలి నెత్తురు కారుతోంది. మమ్మల్ని చూసి ఏడవలేదు, కేక వేయలేదు. ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఆ ఫోటో ఏ వైపు నుంచి తీశారో మీకేమన్నా తెలుసా అండీ? మేం తప్పువైపుకి వచ్చినట్టున్నాం."

వదిన సరిగ్గా ఆ ఫోటో తీసిన చోటే నిలబడి ఉంది. అంత నోరున్న మనిషి వంగి, ఆ చేతుల్లో డబ్బా పెట్టి, తన చేతులతోనే పట్టి తాగించింది.

ఆయన్ని నేను భుజాన వేసుకుని దించాను. ఆసుపత్రిలో చాలా రోజులు ఉండి బతికి బయటపడ్డాడు. బతికాడు కాబట్టి ఆఫీసరు ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకుని ఊరుకోకుండా, ఇద్దరి ప్రాణాలు కాపాడిందని వదినకి సన్మానం పెట్టాడు. వేదిక వెనక ఈ చివరి నుంచి ఆ చివరికి కట్టిన తెర మీద ఏముందో చెప్పక్కర్లేదు. అదే మడుగు. పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో నాకారోజు తెలిసింది.

రేకుల హాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ వేడిగాలే. సభ మొదలవకముందే మా అమ్మ, పూలు సర్దే పెద్దావిడలా వేదికెక్కి, బల్ల మీది నీళ్లసీసాలన్నీ తన సంచిలో వేసుకుని వచ్చేసింది. అత్తాకోడళ్లు ఒక మాట మీద నిలబడటం మా ఇంట్లో అదే మొదలు.

ఆఫీసరు కొండ అందం గురించి మాట్లాడాడు, మాట్లాడాడు, మాట్లాడాడు. గొంతు పట్టుకుపోయింది. దగ్గాడు. బల్ల మీద చెయ్యి తడుముకున్నాడు. "కాస్త నీళ్లు..." అన్నాడు మైకులోనే.

వదిన లేచి మైకు అందుకుంది.

"వెనక్కి తిరగండి సార్. మడుగు నిండా ఉన్నాయి. తాగండి."

హాలంతా గొల్లుమంది. వదిన నవ్వలేదు. అది చూసి జనం కూడా ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు.

"ముందు నీళ్లివ్వండమ్మా. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడాయన. చెమటలు కారుతున్నాయి.

"ఆవిడ కూడా నీళ్లకోసమే చూసింది సార్. మీ బోర్డు నమ్మి గోళ్లూడేలా తవ్వింది. నా ఫోటోలు జంటగా ఇచ్చాను. సగం దాచేశారు. ఆ సగం ఎప్పుడు పెడతారు?"

మా అమ్మకి మనసాగలేదు. సంచిలో చెయ్యి పెట్టి లేవబోయింది. "అత్తయ్యా, కూర్చోండి" అంది వదిన.

ఆఫీసరు ఆ తెర వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ముందు వరసలో చేతివేళ్లకి కట్లతో కూర్చున్న ఆవిడ కనపడింది. ఆ తర్వాత ఎటూ చూడలేకపోయాడు.

"రేపే పెట్టిస్తాను" అన్నాడు.

వదిన తనే సీసా తెచ్చి మూత తీసి ఇచ్చింది. ఆయన చొక్కా మీద ఒలకబోసుకుంటూ గటగటా మొత్తం తాగేశాడు.

మర్నాడు ఎండిన మడుగు ఫోటో బోర్డు మీదికెక్కింది. అదే కొలత, పక్కపక్కనే. జీపులో అటు తీసుకెళ్లి చూపించాను. వదిన కోపం చల్లారుతుందనుకున్నాను. ఆవిడ రెండు ఫోటోలూ చూసి, జీపెక్కి తలుపు దడాలున వేసింది.

"ఇప్పుడింకా దేనికి వదినా?"

"ఆయనకి దాహం వేస్తేగాని తెలియలేదు చూడు" అంది. "బండి తియ్యి."