ఎడమచేతి వియ్యంకుడు

మొన్న ఆదివారం పెరట్లో మా మనవడు రబ్బరు బంతి విసురుతుంటే, మా ఆవిడ అలవాటు కొద్దీ "ఆ చెయ్యి కాదు నాన్నా, ఈ చెయ్యి" అంటూ బంతి వాడి కుడిచేతిలో పెట్టబోయింది. లోపల్నుంచి మా అమ్మాయి "లెట్ హిమ్ బీ, అమ్మా" అంది. వాడు ఇద్దర్నీ పట్టించుకోకుండా బంతిని మళ్ళీ ఎడమచేతికి మార్చుకుని, ఒక కాలు కాస్త పైకెత్తి విసిరాడు. ఆ కాలెత్తడం వాడికి ఎవరూ నేర్పలేదు. నేర్పగలిగిన మనిషి పోయి రెండు చలికాలాలు గడిచాయి. బంతి వెళ్ళి కంచెకు తగిలిన చప్పుడుకి నాకు మా వియ్యంకుడు గుర్తుకొచ్చాడు. ఆయన్ని నేను ఎంతగా అనుమానించానో కూడా గుర్తుకొచ్చింది.

అనుమానం నాకు పుట్టుకతో కొంత, ఉద్యోగంతో కొంత వచ్చింది. హైదరాబాదులో మొదలుపెట్టి, అమెరికా మీదుగా కెనడాలోని ఈ కిచెనర్ చేరి రిటైరయ్యేదాకా నేను చేసింది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంతా బాగానే ఉందని ఎవరైనా ఒక ప్రోగ్రాం నా ముందు పెడితే, బాగాలేనిది ఎక్కడుందో వెతికి రిపోర్టు చేయడమే నా పని. వంకాయలో పురుగును వెతికినట్టు మనుషుల్ని కూడా తిప్పి తిప్పి చూస్తానని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. చూడొద్దా మరి? నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, మన రోజుల్లో పెళ్ళి మాట అనుకోగానే ముందు జరిగేది వాకబు. అబ్బాయి ఆఫీసులో అటెండరుని, ఇంటికి పాలుపోసే మనిషిని, వీధి చివర కిళ్ళీకొట్టువాడిని కదిపితే, పెళ్ళిచూపుల్లో బయటపడనివన్నీ బయటపడేవి. నా గురించి మా మామగారు చేయించిన వాకబులో నేను నిద్రలో గురకపెడతానని కూడా తేలిందట.

ఏడెనిమిదేళ్ళ కిందట మా అమ్మాయి తన ఆఫీసులో పనిచేసే అబ్బాయిని చేసుకుంటానంది. తెల్లవాళ్ళ అబ్బాయి. సొంతూరు తూర్పున సముద్రం ఒడ్డునున్న హాలిఫాక్స్. తల్లి లేదు, తండ్రి ఒక్కడే ఉన్నాడు, సిటీ బస్సు నడుపుతాడు, అంతకుముందు డబ్బుకి బేస్‌బాల్ ఆడిన మనిషి. ఇంతవరకు చెప్పి, నా ముఖం చూసి, నేను ఏమాలోచిస్తున్నానో కనిపెట్టేసింది. ఆ కుటుంబం గురించి ఎవరినైనా అడిగానని తెలిస్తే సిటీ హాల్లో పెళ్ళి చేసుకుని ఫోటో పంపిస్తానని ఇంగ్లీషులో హెచ్చరించింది. ఒక్కగానొక్క కూతురు, పైగా అన్నంత పనీ చేసే మనిషి.

ఆ తండ్రి ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పొడుగాటి మనిషి, ఒక భుజం కాస్త కిందికి దిగి ఉంటుంది. గుమ్మంలోనే పూలగుత్తి ఎడమచేత్తో అందించాడు. మా ఆవిడ చేతులు చాచి, వెనక్కి లాక్కుని, మళ్ళీ చాచింది. నాకు అనుమానం అక్కణ్ణుంచే మొదలైంది. భోజనాల దగ్గర ఆయన ఉద్యోగ చరిత్ర అడిగాను. ఆయన పిచ్చర్, అంటే మన క్రికెట్లో బౌలర్ లాంటివాడు, కాకపోతే నిలుచున్నచోటే ఒక కాలు పైకెత్తి బంతి విసురుతాడు. పదిహేడో ఏట ఊరు వదిలి, అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళ జట్లకు ఆడి, పెద్ద లీగులో రెండు వేసవులు కనిపించి, మళ్ళీ చిన్న ఊళ్ళకే వచ్చాడట. ఏ జట్టులోనూ రెండేళ్ళు నిలవలేదు. ఒక జట్టు ఇంకో జట్టుకి ఇచ్చేసింది, అది మరో జట్టుకి అమ్మేసింది. పోనీ ఆటలోనైనా నిలిచాడా అంటే అదీ లేదు. అవతల ఎడమచేతి బ్యాటరు దిగినప్పుడు ఈయన్ని పిలుస్తారట, ఆ ఒక్కడికి నాలుగు బంతులు వేసి వచ్చి కూర్చోవాలట. ఎంత ఆలోచించినా నాకది ఉద్యోగంలా అనిపించలేదు.

ఆట ఎందుకు మానేశారని అడిగాను. సీజను మధ్యలో ఇంటికి వచ్చేశానని, కుటుంబ కారణాలని, కంచంలోకి చూస్తూ చెప్పాడు. వెంటనే కాబోయే అల్లుడు తండ్రి భుజం మీద చెయ్యి వేసి, తను పుట్టాడని తెలిసి అన్నీ వదులుకుని వచ్చేశాడని చెప్పాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది, అమ్మాయీ కరిగిపోయింది. నేను కరగలేదు. ఆఫీసులో మధ్యలో మానేసిన ప్రతివాడూ చెప్పేది కుటుంబ కారణాలే. అసలు సంగతి తాగుడో, తగాదానో, మరొకటో అయి ఉంటుంది. అది నా కూతురు అడుగుపెట్టబోయే ఇంట్లో ఇంకా ఉందో లేదో నాకు తెలియాలి.

ఆ ఏళ్ళలో కెనడాలో మన పిల్లలు లేని ఊరంటూ లేదు. ఏ కాలేజీలో చూసినా, ఏ కాఫీషాపు కౌంటరు వెనక చూసినా, తెలంగాణ పిల్లలో ఆంధ్రా పిల్లలో కనబడేవాళ్ళు. హాలిఫాక్స్‌లో మా పిన్ని మనవరాలే చదువుతూ, సాయంత్రాలు కాఫీషాపులో పనిచేసేది. అదృష్టమో ఏమో, అది రోజూ ఎక్కేది ఆయన బస్సే. దానికి విషయం చెప్పి, కూపీ లాగమన్నాను.

వారం తిరక్కుండా ఫోన్ చేసింది. "పెదనాన్నా, ఆయన డ్యూటీ అయ్యాక మా రూమ్ పక్క గ్రౌండ్‌కి వస్తాడు. బకెట్ నిండా బాల్స్ తెచ్చుకుని ఒక్కడే ఫెన్స్‌కేసి త్రో చేస్తాడు. ఒక్కో బాల్ వేశాక వేళ్ళు చూసుకుంటాడు. కొంచెం వియర్డ్‌గా ఉంది గానీ మనిషి మంచోడే, నేను పరిగెత్తుకొస్తుంటే బస్ ఆపుతాడు" అంది. చివరి సగం నా చెవికెక్కలేదు. అరవై ఏళ్ళ మనిషి ఒంటరిగా కంచెమీద బంతులు విసిరి వేళ్ళు చూసుకోవడమేమిటి? మతి స్థిమితం లేదేమో, అది వంశంలో ఉందేమోనని నాకు కంటిమీద కునుకు పట్టలేదు. ఇంకా అడగమన్నాను.

అడిగింది, దొరికిపోయింది. పిల్లకు అబద్ధం చెప్పడం రాదు. ఇన్ని ప్రశ్నలు ఎందుకని ఆయన మెల్లగా అడిగేసరికి మా పెదనాన్న అడగమన్నారని చెప్పేసింది. "సారీ పెదనాన్నా. ఆయనకి కోపమేం రాలేదు. మీ పెదనాన్నని వచ్చి నన్నే అడగమను అన్నాడు" అంది. ఆయన కొడుకుతో ఒక్క మాటంటే చాలు, అది మా అమ్మాయి చెవిన పడుతుంది, ఆ తర్వాత నాకు మిగిలేది పెళ్ళి ఫోటోనే. స్నేహితుణ్ణి చూడాలని ఇంట్లో చెప్పి హాలిఫాక్స్ విమానమెక్కాను.

సెలవురోజు కావడంతో ఆయన నన్ను రేవు దాటించే ఫెర్రీ పడవ ఎక్కించాడు. గాలి చలిగా కొడుతున్నా బయటే కూర్చున్నాం. క్షమాపణ చెప్పబోతే వద్దన్నాడు. తన పదిహేడో ఏట జట్లవాళ్ళు వచ్చి వాళ్ళమ్మ వంటింట్లో కూర్చుని, కుర్రాడు ఏం తింటాడు, తండ్రి తాగుతాడా, తాతకు కీళ్ళనొప్పులున్నాయా అని ఆరాలు తీసేవారట. విలువ ఉన్నవాడి గురించే అడుగుతారని వాళ్ళమ్మ అనేదట. తన గురించి ఎవరైనా అలా అడిగి చాలా ఏళ్ళయిందని నవ్వాడు. మనవాళ్ళ వాకబు ఆ వంటింట్లోనూ జరిగిందని తెలిసి నాకు ధైర్యం వచ్చింది. ఆట ఎందుకు మానేశారని మళ్ళీ అడిగాను.

ఒడ్డు దగ్గరపడుతోంది. ఆయన ఎడమచెయ్యి నా ముందు చాపాడు. బంతి చివరగా వదిలేది చూపుడువేలు, మధ్యవేలు కొసలతోనట. ఒక వేసవిలో ఆ రెండు కొసలూ మొద్దుబారాయి. బంతి చేతిలో ఉందో లేదో కంటితో చూస్తేగాని తెలియని పరిస్థితి. వేళ్ళలో స్పర్శ పోయిన పిచ్చర్ని ఇక ఎవరూ పిలవరు. అదే ఇంటి సమస్య అని చెబితే, అది తీరాక ఎవరైనా పిలవచ్చు. అప్పుడే కొడుకు పుట్టాడు గనక మేనేజరుకి అది చెప్పి వచ్చేశాడు. రెండేళ్ళు ఫోన్ కోసం ఎదురుచూశాడు. అది మోగలేదు. ఈలోగా భార్య ఆ మాట నిజమనుకుని, మా కోసం వదిలేసి వచ్చాడని అందరితో గర్వంగా చెప్పుకోసాగింది. ఆవిడ దగ్గర్నుంచి ఆ గర్వాన్ని లాక్కోలేకపోయాడు. ఆవిడ ఆ నమ్మకంతోనే పోయింది. గ్రౌండ్‌కి వెళ్ళేది స్పర్శ తిరిగొచ్చిందేమో చూసుకోవడానికట. మీ భోజనాల బల్ల దగ్గర నన్ను నమ్మనివారు మీరొక్కరే, అందుకే మీకు చెప్పాను అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నేను వెతికిన తప్పు దొరికింది. దొరికాక ఆ మనిషి మీద ఉన్న అనుమానమంతా పోయింది. తిరిగొచ్చి పెళ్ళికి సరేనన్నాను. ఆయన నా వాకబు సంగతి ఎవరికీ చెప్పలేదు, నేను ఆయన వేళ్ళ సంగతి చెప్పలేదు. ఉద్యోగంలోనూ బయటా కలిపి, కనిపెట్టి కూడా రిపోర్టు చేయకుండా వదిలేసింది నేను ఇదొక్కటే.

మనవడు పుట్టినప్పుడు ఆయన ఆస్పత్రికి వచ్చాడు. పసివాడి ఎడమచెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, చూపుడువేలి కొసను, తర్వాత మధ్యవేలి కొసను గోటితో మెల్లగా తాకాడు. తాకినప్పుడల్లా వాడు చటుక్కున వేళ్ళు ముడుచుకున్నాడు. తాత అప్పుడే ఆట మొదలుపెట్టాడని అందరూ నవ్వారు. ఆయన నావైపు చూసి తల ఊపాడు.

ఇప్పుడు ఎవరూ ఎవరి గురించీ అడగడం లేదు. మా పిన్ని మనవరాలు ఉద్యోగం దొరికి మార్కమ్ వెళ్ళిపోయింది. వీసాలు తగ్గించాక అప్పట్లా ఊరూరా మన పిల్లలూ కనబడటం లేదు. ఉన్నవాళ్ళూ మనిషి గురించి తెలుసుకోవాలంటే ఫోన్‌లో పేరు కొట్టి చూస్తారు. మా వియ్యంకుడి పేరు కొడితే ఆడిన ఊళ్ళన్నీ వస్తాయి, చివర కుటుంబ కారణాలని వస్తుంది, అక్కడితో అయిపోతుంది. మనవడు బంతి తెచ్చిచ్చినప్పుడు వాడి వేళ్ళ కొసలు నేను ఒకసారి తాకి చూస్తాను. చక్కిలిగింతని నవ్వి పారిపోతాడు. ఎందుకు చూస్తున్నావు తాతయ్యా అని ఇంతవరకు అడగలేదు. అడిగితే చెప్పేస్తాను.