సెల్లార్‌లో కొండమీది ఊరు

2017 జూన్ 19, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నేను రెండోసారి ఉద్యోగంలో చేరాను. మొదటి ఉద్యోగం నుంచి రిటైరై అప్పటికి సరిగ్గా పంతొమ్మిది రోజులు. ఆ రోజుల్లో మాదాపూర్‌లో మెట్రో పనులు జరుగుతుండేవి. రోడ్డు మధ్యలో పిల్లర్, పిల్లర్ చుట్టూ గొయ్యి, గొయ్యి చుట్టూ హారన్లు. ప్రగతి నగర్ నుంచి ఆఫీసుకు చేరడానికి నాకు గంటా పది నిమిషాలు పట్టేది (తక్కువలో తక్కువ యాభై రెండు నిమిషాలు, అదీ బక్రీద్ నాడు). వయసు యాభై ఎనిమిదైనా ఆఫీసులో అందరికంటే జూనియర్‌ని నేనే. కాబట్టి దీన్ని నా ఉద్యోగ బాల్యంలో జరిగిన సంగతిగానే రాస్తున్నాను. బాల్యంలో చేసిన తప్పుల్ని పెద్దలు క్షమిస్తారు కదా.

అది విదేశాలు చూడబోయే తెలుగువాళ్ళ కోసం ఫోనులో వినే గైడు పాఠాలు తయారుచేసే చిన్న ఆఫీసు. యాత్రికులు ఇయర్‌ఫోను పెట్టుకుని ఏదో దేశంలో నడుస్తుంటే "ఇప్పుడు మీ కుడివైపు చూడండి" అని తెలుగు గొంతు చెబుతుంది. తమాషా ఏమిటంటే, ఆ పాఠాలు రాసేవాళ్ళలో ఒక్కరూ ఆ ఊళ్ళకు పోయినవాళ్ళు కారు. ఫోటోలు చూసి, మ్యాపులు చూసి, తొమ్మిదో అంతస్తులో ఏసీ కింద కూర్చుని రాసేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళు సర్కారు బళ్ళల్లో సోషల్ చెప్పినదాన్ని కనుక నాకు ఇది తప్పుగా తోచలేదు. నేనూ చూడని దేశాలన్నీ పిల్లలకు చెప్పినదాన్నే.

నాకు అప్పగించిన ఊరు ఇటలీలోని శాన్ జిమిన్యానో. కొండ మీద, గోడల మధ్య, మధ్యయుగాల నాటి ఊరు. దూరం నుంచి ఫోటో చూస్తే ఊరు కాదు, అగ్గిపుల్లలు గుచ్చిన లడ్డూ అనిపిస్తుంది. ఆ పుల్లలన్నీ రాతి టవర్లు. ఒకప్పుడు డెబ్బై రెండు ఉండేవని అంటారు, ఇప్పుడు పద్నాలుగు మిగిలాయి. రోముకు పోయే యాత్రికుల దారిలో ఉన్నందువల్ల ఊరికి వ్యాపారం, కుంకుమపువ్వు అమ్మినందువల్ల డబ్బు, డబ్బు వచ్చినందువల్ల పంతం. ఒక కుటుంబం టవర్ కడితే పక్క కుటుంబం అంతకంటే ఎత్తు కట్టేది. చివరికి ఊరి పెద్దలు 1255లో, తమ సభ టవర్ కంటే ఎత్తు ఎవరూ కట్టకూడదని చట్టం చేశారు. అప్పుడు ఒక కుటుంబం ఏం చేసిందో తెలుసా, పక్కపక్కనే రెండు కట్టింది. ఇది చదివిన రోజు నాకు రాత్రి అన్నం సయించలేదు. ఇన్నేళ్ళు పాఠ్యపుస్తకంలో ఇలాంటిది ఒక్కటీ ఎందుకు లేదని కోపం.

ఆ ఉత్సాహంలో రాసిన పాఠంలో నలభై ఒక్క తేదీలు వచ్చాయి. మా టీమ్ లీడర్ ఇరవై ఆరేళ్ళ అనంతపురం అమ్మాయి. ఎవరేం రాసినా సగం తీసేస్తుంది కనుక మేమంతా చాటుగా కత్తెర అనుకునేవాళ్ళం. పాఠం చదివి కళ్ళజోడు తీసింది.

"మేడమ్, ఇది టూర్ గైడా, పదో తరగతి పేపరా? ఇన్ని తేదీలు ఎవరింటారు?"

"తేదీ లేకపోతే అది చరిత్ర ఎట్లా అవుతుందమ్మా, కథ అవుతుంది."

"కథే కదా మేడమ్ కావల్సింది."

నేను ఒప్పుకోలేదు. ఒక్క తేదీ కూడా తీయనన్నాను. ఆమె నిట్టూర్చి, నిర్ణయం కస్టమర్‌కే వదిలేసింది. ప్రగతి నగర్‌లోనే టూర్లు నడిపే ఒక పెద్దాయన, ముప్పై మంది పెద్దవాళ్ళను ఆ ఊరికి తీసుకుపోతున్నాడు. సెప్టెంబరు 15న వచ్చి పాఠం విని చూస్తాడు. ఆయనకు నచ్చితే 18తో ముగిసే నా మూడు నెలల ప్రొబేషన్ దాటినట్టే, నచ్చకపోతే ఇంటికి. ఇంటికి అంటే మా ఆయన వెంట ప్రగతి నగర్ చెరువు చుట్టూ ఉదయం నాలుగు రౌండ్లు, సాయంత్రం నాలుగు రౌండ్లు. "మూడు నెలలు కూడా ఉంచరు చూడు" అని మా ఆయన ముందే అన్నాడు. ఆ మాట నిజం కాకూడదన్నది ఒకటి. ఆ ఊరి సంగతి ఇంకా తెలుసుకోవాలన్నది రెండోది. నిజం చెప్పాలంటే రెండోదే పెద్దది.

నాకింకో అనుమానం ఉండేది. "కుడివైపు చూడండి" అన్నప్పుడు మనిషి సరిగ్గా అక్కడికి చేరాడని ఏమిటి నమ్మకం? మిగతావాళ్ళు అందాజాగా రాసేవాళ్ళు. నేను మ్యాపు మీద దారం పరిచి కొలిచాను. దక్షిణ ద్వారం నుంచి బావి చౌరస్తాకు నా అడుగులతో నాలుగు వందల పన్నెండు. శనివారాలు సెల్లార్ ఖాళీగా ఉంటుంది. చాక్‌పీసు తీసుకుని దిగి, పార్కింగ్ నేల మీద ఊరంతా గీశాను. లిఫ్టు దగ్గర చర్చి, జనరేటర్ దగ్గర పెద్ద టవర్, పద్నాలుగో నంబరు పిల్లర్ పక్కన ఎనిమిది పలకల బావి.

సెల్లార్‌లో బండ్లు పెట్టించే వాచ్‌మన్‌ను డ్రైవర్లు విజిల్ మామ అనేవాళ్ళు. నోట్లో విజిల్ లేకుండా ఆయన్ను నేను చూసింది తక్కువ. ఆ మొదటి శనివారం విజిల్ తీసి చేతిలో పట్టుకుని, దూరంగా నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది? అమాస నాడు ముగ్గేస్తున్నరు. ఎవరి మీదికి?"

ఎవరి మీదికీ కాదని, ఇది ఇటలీలో ఒక ఊరని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. (ఆ రోజు అమావాస్య కాదు, ముందు రోజే అయిపోయింది. అదీ చెప్పాను.) తరువాత ప్రతి శనివారం నేను ఇయర్‌ఫోనులో నా గొంతు వింటూ ఆ గీతల వెంట నడుస్తుంటే, ఆయన కుర్చీ జరుపుకుని కూర్చుని అడిగేవాడు.

"అంతంత టవర్లల్ల ఎవరుంటరు టీచరమ్మ?"

"పెద్దగా ఎవరూ ఉండరు. లోపల చాలా ఇరుకు."

"మరెందుకు కట్టిన్రు?"

"పక్కవాడు కట్టాడని."

ఆయన ర్యాంపులోంచి కనిపించే ఆకాశం వైపు, అందులో సగం కప్పేసిన ఎదురు బిల్డింగు వైపు చూశాడు. "ఇగ గంతేనా," అన్నాడు. బావి రాతి మీద తాళ్ళు ఒరుసుకుని గాళ్ళు పడ్డాయని చెప్పినప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి, నా చాక్‌పీసు గీత మీద వంగి చూశాడు. నిజంగా గాళ్ళున్నాయేమోనని నేనూ వంగాను.

రెండు వారాల్లో ఒక సంగతి గమనించాను. సోమవారం బండ్లు వస్తుంటే విజిల్ మామ అరుస్తున్నాడు: "తెల్ల బండి బాయి కాడ పెట్టు. నువ్వు గుడి కాడ గాదు, గుడి కాడ లిఫ్టుకు అడ్డమైతది." డ్రైవర్లు ఆ మాటలే వాడుతున్నారు. సుద్దగీతలు టైర్ల కింద చెరిగిపోతే నేను శనివారం మళ్ళీ దిద్దేదాన్ని.

ఆగస్టు 12న ఆయన ఉన్నట్టుండి అడిగాడు. "గుట్ట మీది ఊరంటిరి గదా టీచరమ్మ. గుట్టేది?"

నేను నా గీతల వైపు చూసుకున్నాను. ఊరంతా చదును నేల మీద గీశాను. ద్వారం నుంచి బావి దాకా ఉన్నదంతా ఎక్కుడు దారి. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు ఎత్తుపల్లాలు చూపే కాంటూరు రేఖలు చెప్పి, గీత గీయనివాళ్ళకు మార్కులు కోసినదాన్ని నేనే. ఆ మధ్యాహ్నమే ద్వారాన్ని కింది సెల్లార్‌కు మార్చాను. అక్కడ రెండు చుట్లు తిరిగి, ర్యాంపు ఎక్కితే పై సెల్లార్‌లో బావి. అలా ప్రపంచంలో భూమికి రెండంతస్తుల కింద ఉన్న కొండమీది ఊరు అదొక్కటే అయింది. ర్యాంపు మీద నాకే ఆయాసం వచ్చి పాఠం సరిగా వినపడలేదు. అది నా వయసు తప్పనుకున్నాను, తేదీల తప్పనుకోలేదు.

సెప్టెంబరు 14 సాయంత్రం వాన పడింది. 15 ఉదయం నేను దిగేసరికి కింది సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్ళు, మోటారు తోడుతోంది. బండ్లన్నీ రోడ్డు మీదికి పోయాయి. పై సెల్లార్‌లోకి కొట్టుకొచ్చిన బురదను పైపు పెట్టి కడిగేశారు. ఒక్క గీత లేదు. పదకొండున్నరకు కస్టమర్ పెద్దాయన వచ్చాడు. భారీ మనిషి, రెండు మోకాళ్ళకూ పట్టీలు.

"కూర్చుని వింటే నాకు తెలియదండి. నడిచి వినాలి. మావాళ్ళందరూ నా మోకాళ్ళవాళ్ళేనండి," అన్నాడు. కత్తెర నా వైపు చూసింది. నేను ఆయన్ను సెల్లార్‌కు తీసుకుపోయి, గంభీరంగా, ద్వారం నీళ్ళలో ఉంది కనుక నీళ్ళకు పైన ర్యాంపు మీద మొదలుపెడదామన్నాను.

ఆయన ఇయర్‌ఫోను పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. ఆయన చెవిలో నా గొంతు, 1199లో స్వతంత్రమైన ఈ ఊరు 1262లో ఈ ద్వారం కట్టి, 1348లో ప్లేగు వచ్చి, 1353లో ఫ్లోరెన్సుకు లొంగి, అంటూ పోతోంది. సగం ర్యాంపులో ఆయన గోడ పట్టుకున్నాడు. చెవిలోవి తీసేశాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఒక్క ముక్క ఎక్కలేదండి. నేను ఎక్కడానికే సరిపోయింది."

నేను ముందుకు నడిచాను, బావి దగ్గరైనా నిలబడి నోటితో చెబుదామని. పైకి వచ్చాక అర్థమైంది, చాక్‌పీసు లేకపోతే బావి ఎక్కడో నాకు తెలియదు. తడి నేల, వరసగా పిల్లర్లు. లిఫ్టు వైపు నాలుగడుగులు వేసి ఆగాను. అప్పుడు విజిల్ వినిపించింది.

"గటెటు పోతున్నరు టీచరమ్మ? అది గుడి. బాయి ఈడుంది." పద్నాలుగో పిల్లర్ దగ్గర నిలబడి విజిల్ మామ పెద్దాయన్ని పిలిచాడు. "రాండ్రి సార్, జర నిమ్మళంగ రాండ్రి, ఊరేడికి పోదు. ఇది బాయి. ఎనిమిది పక్కలుంటది. ఊరంత గీ నీళ్ళే తాగిన్రు. చాంతాడు రాసి రాసి రాయికి గాళ్ళు పడ్డయట, వేలు వెడితే దిగుతదట. మా ఊరి బాయి కూడ గట్లనే ఉంటుండె. ఇగ చుట్టు టవర్లు. ఉండనీకి గాదు సార్, పక్కోనికి సూపియ్యనీకి. పొడుగు కట్టొద్దంటే ఒకడు రెండు కట్టిండు."

పెద్దాయన నవ్వాడు. మోకాళ్ళు మరిచిపోయి, లేని బావి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. వంగి చూశాడు కూడా.

"ఎప్పటిదండీ ఈ బావి?"

"గది నాకెర్క లేదు. టీచరమ్మకే ఎర్క."

మూడు నెలల్లో నన్ను ఒక తేదీ అడిగినవాడు ఆయనొక్కడే. "1273," అన్నాను.

ఆయన వేళ్ళు ముడిచి లెక్క వేసుకున్నాడు. "ఏడొందల నలభై ఏళ్ళు అన్నమాట."

నలభై నాలుగు. చెప్పబోయి ఆగాను. నా జీవితంలో లెక్క సరిదిద్దకుండా ఆగడం అదే మొదలు.

18న ప్రొబేషన్ దాటింది. పాఠం మళ్ళీ రాశాను, ఎక్కే చోట మౌనం, నిలబడే చోట మాట. బావి దగ్గర తాడు గాళ్ళ వాక్యం విజిల్ మామ చెప్పిన వరసలోనే ఉంచాను. కత్తెర ఈసారి ఒక్క ముక్క కూడా తీయలేదు, తీయడానికి నేనేమీ మిగల్చలేదు. మా ఆయన ఒంటరిగా వాకింగుకు పోయాడు. అక్కడ ఐదేళ్ళు పనిచేశాను. శాన్ జిమిన్యానోకు మాత్రం ఇప్పటికీ పోలేదు.

పోయిన నెల ఒక పని మీద ఆ బిల్డింగుకే వెళ్ళాను. ఆఫీసు ఎప్పుడో కొండాపూర్‌కు మారిపోయింది, విజిల్ మామ ఊరికి పోయాడు. పద్నాలుగో పిల్లర్‌కు కరెంటు కార్ల చార్జింగ్ పెట్టె బిగించారు. మా క్యాబ్ డ్రైవర్ ఎక్కడ ఆపాలని అడిగితే, కొత్త వాచ్‌మన్ ఫోనులోంచి తల ఎత్తకుండానే, "బాయి కాడ పెట్టు," అన్నాడు.

"ఇక్కడ బావేది?" అన్నాను నేను.

"ఏమో మేడమ్. అందరు గట్లనే అంటరు."

కారు దిగి కాసేపు అక్కడే నిలబడ్డాను. నేల మీద వంగి చూడలేదు, ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవు. ఆ రోజు ర్యాంపు మీద తేదీలు మోసుకుంటూ ఎక్కిన ఆ జూనియర్ మనిషిని తలుచుకుంటే నవ్వొచ్చింది. పోయినవాటి లెక్క ఇది: ఆ ఊళ్ళో డెబ్బై రెండు టవర్లలో యాభై ఎనిమిది. నా పాఠంలో నలభై ఒక్క తేదీల్లో ముప్పై ఎనిమిది. చాక్‌పీసులు రెండు పెట్టెలు. చెప్పులు ఒక జత, ఆ ర్యాంపు మీదే. బావిని ఈ లెక్కలో రాయలేదు.